పొద్దున్నే పాలు లేని స్ట్రాంగ్ టీ: ప్యాకెట్ పొడి చాలదా, ఆకు టీయే కావాలా?

వేళచ్చేరి వాసి

చెన్నైలో మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్ల గ్రూపులో మొన్న ఒకాయన ఖరాఖండీగా తేల్చేశారు: "పాలు లేకుండా తాగాలంటే ఆకు టీయే తాగాలి. ప్యాకెట్ డస్టు పాలల్లో మరగబెట్టుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదు" అని. అక్కడ వాదనకు దిగితే మోటారు రిపేరు మెసేజీలన్నీ ఎక్కడికో పోతాయని ఊరుకున్నాను. ఇక్కడ ఊరుకోను.

పొద్దున్న ఆరింటికి మత్తు వదలడానికి తాగే టీకి అణ్ణాచ్చి కిరాణా కొట్లో దొరికే మామూలు పొడి చాలు. చాలడమే కాదు, ఆ వేళకి అదే నప్పుతుంది. చక్రా గోల్డో, త్రీ రోజెసో, రేషన్ షాపులో అమ్మే ఊటీ టీయో, ఏదైనా సరే. చేదుగా, వగరుగా ఉందంటే తప్పు పొడిది కాదు, మనం కాచే తీరుది. పాల టీ అలవాటుతో నీళ్లలోనూ పొడి వేసి, రెండు మూడు పొంగులు రానిచ్చి, మూత పెట్టి పేపరు చదువుకుంటూ కూర్చుంటే ఏ టీ అయినా కషాయమే అవుతుంది.

నేను చేసేది ఇదీ. నీళ్లు బాగా తెర్లాక స్టవ్ కట్టేస్తాను. 150 మి.లీ. కప్పుకి చిన్న చెంచాతో తలకొట్టి ఒక చెంచా పొడి, సుమారు రెండు గ్రాములు. మూత పెట్టి రెండు నిమిషాలు. మరీ మత్తుగా ఉన్న రోజు రెండున్నర. వెంటనే వడగట్టేయాలి, "ఇంకాస్త దిగనీ" అనుకోకూడదు. గాజు గ్లాసులో పోసి కిటికీ వైపు పట్టుకుంటే ఎర్రగా మెరవాలి, అవతల వేళ్లు కనిపించాలి. వేళ్లు కనపడలేదంటే ఎక్కువసేపు నానిందన్నమాట. పంచదార అర చెంచా, లేకపోయినా నడుస్తుంది.

కిలో 500 పెట్టి కొన్నా కప్పుకి పడేది రూపాయి. బయట గ్లాసు టీ ఈమధ్య పదిహేను అయి కూర్చుంది. రోజూ తాగేదానికి గంధం చెక్కల రేటు పెట్టి ఆకు టీ ఎందుకో ఎవరైనా చెప్పండి.

పెరంబూరు పెద్దాయన

మెడ్రాసులో ఉంటూ పొద్దున్నే టీ గురించి చర్చా! కాలం మారిపోయింది నాయనా. ఫిల్టర్లో డికాషన్ దిగని ఇల్లు నాకు ఇల్లులాగే అనిపించదు. సరే, కానివ్వండి, చదువుతుంటాను.

కూనూరు కోడలు

వాసి గారూ, మీ గ్రూపులో ఆ మాట అన్నాయన ఎవరో గానీ ఆయనకి నా ఓటు. మా అత్తగారిది నీలగిరి కొండల్లోని కూనూరు. ఇప్పుడు పోరూరులో ఉంటున్నా పండక్కి పబ్బానికి వెళ్తూనే ఉంటాం, ఫ్యాక్టరీ లోపల చూసి చెబుతున్నాను.

మీరు పొడి అంటున్నది సీటీసీ (క్రష్, టేర్, కర్ల్). 1930ల్లో అస్సాంలో పుట్టిన పద్ధతి. వాడబెట్టిన ఆకుని పళ్లున్న రోలర్ల మధ్య నుంచి పంపిస్తే అవి దాన్ని నలిపి, చీల్చి, చిన్న చిన్న గుళికలుగా చుట్టేస్తాయి. ఆకు మొత్తం చితికిపోతుంది కాబట్టి గాలి తగిలి త్వరగా, పూర్తిగా రంగు మారుతుంది. ఆ గుళికల్లో మిగిలిన సన్నరకమే మీ డస్టు. వేడినీళ్లు తగలగానే ఉన్నదంతా ఒక్కసారి వదిలేస్తుంది. పాలు, పంచదార పోసినా రంగు, పట్టు నిలబడాలనే దాన్ని అలా చేస్తారు. ఆ పాలు తీసేసి అదే పొడి తాగుతానంటే తాగండి, కానీ దానికి మించి రుచి లేదని మాత్రం అనకండి.

నేను తాగే ఆకు టీని ఆర్థడాక్స్ అంటారు. ఆ ఆకుని చితక్కొట్టరు, నలిపి మెలి తిప్పుతారు. నీళ్లలో మెల్లగా విచ్చుకుంటుంది. నీలగిరి ఆకు మరీ మెత్తన, వగరు తక్కువ, వాసన ఎక్కువ. డిసెంబరు, జనవరి చలిలో కోసిన ఆకు వాసన గురించి చెప్పను, మీరే చూడండి.

అసలు సంగతి వినండి. మీరు రెండు నిమిషాలా, రెండున్నరా అని గడియారం ముందు నిలబడుతున్నారు. నేను మూడు నిమిషాలు అనుకుని, పిల్లాడికి సాక్సులు వెతికిపెట్టి, అయిదో నిమిషంలో వచ్చి వడగట్టినా నా టీ పాడవదు. నిద్రమత్తులో ఉన్న మనిషికి ఏది సుఖం? పైగా అదే ఆకు మీద రెండోసారి నీళ్లు పోసుకోవచ్చు. డస్టు మీద రెండోసారి పోస్తే వచ్చేది ఉత్త రంగు నీళ్లు.

వేళచ్చేరి వాసి

కోడలు గారూ, రెండో నీళ్ల సంగతి సరే, అందులో వాదించను. కానీ నీలగిరుల్లో ఎక్కువగా తయారయ్యేది మీ ఆర్థడాక్స్ కాదు, ఈ సీటీసీయే కదా? కూనూరు టీ వేలంలోనూ దానిదే పెద్ద వాటా. చిన్న రైతుల ఆకు అక్కడి సహకార ఫ్యాక్టరీల్లో పొడి అయి, ఊటీ టీ పేరుతో మన రేషన్ షాపు దాకా వస్తోంది. మీ డబ్బాలో ఉన్నదీ నా ప్యాకెట్లో ఉన్నదీ ఒకే కొండ మీది ఆకు అయ్యుండొచ్చు.

కూనూరు కోడలు

ఒకే పాలతో పెరుగూ అవుతుంది, కోవా అవుతుంది. పాలు ఒకటేనని రెండూ ఒకటే అంటారా?

ఓఎంఆర్ నైట్ షిఫ్ట్

మీ ఇద్దరి కంటే నేను వేరు. స్ట్రాంగ్ అంటే నాలిక పట్టెయ్యాలి. షిఫ్ట్ దిగి ఇంటికొచ్చే నాకు మీ ఎర్రటి నీళ్లు ఏ మూలకీ చాలవు. నేను అయిదు నిమిషాలు మరిగిస్తా. టీ రుచి చూసేవాళ్లకి అంతర్జాతీయ ప్రమాణం ఒకటుంది, ఐఎస్ఓ 3103. దాని ప్రకారం 100 మి.లీ. నీళ్లకి 2 గ్రాములు, ఆరు నిమిషాలు. వాసి గారు చెప్పిన రెండు నిమిషాలు ఏ శాస్త్రంలోంచి వచ్చిందో?

వేళచ్చేరి వాసి

తమ్ముడూ, ఆ ప్రమాణం టీ రుచి చూసి వెల కట్టేవాళ్ల కోసం. టీలో ఉన్న లోపమంతా బయటపడాలని అంతసేపు ఉంచుతారు, పుక్కిట పట్టి ఊసేస్తారు. మనం మింగుతాం. పైగా అందులో ఉన్నది నానబెట్టడం, స్టవ్ మీద మరగబెట్టడం కాదు. డస్టులో కెఫీన్ మొదటి రెండు మూడు నిమిషాల్లోనే చాలావరకు దిగిపోతుంది. ఆ తర్వాత దిగేదాంట్లో ఎక్కువ వగరే. స్ట్రాంగ్ కావాలంటే పొడి పెంచు, టైము పెంచకు. ఒకటిన్నర చెంచా వేసి రెండు నిమిషాలకే వడగట్టి చూడు, తర్వాత మాట్లాడుకుందాం.

నెల్లూరమ్మాయి

అందరూ పొడి మీదే పడ్డారు. నీళ్ల గురించి ఎవరూ మాట్లాడరేం?

మా ఇల్లు మేడవాక్కం. బోరు నీళ్లతో బ్లాక్ టీ పెడితే చల్లారుతుండగానే పైన సన్నటి తెట్టు కడుతుంది, వెలుతురులో నూనెలా రంగురంగులుగా కనిపిస్తుంది. చెంచా పెట్టి కదిపితే ముక్కలుముక్కలుగా విడిపోతుంది. తాగాక గ్లాసు అంచు చుట్టూ గోధుమరంగు గీత పడుతుంది, సబ్బుతో ఒక పట్టాన పోదు. మొదట్లో పొడిలో కల్తీ అనుకుని ప్యాకెట్లు మార్చాను. అదే ప్యాకెట్‌తో, బబుల్‌టాప్ మినరల్ వాటర్ క్యాన్ నీళ్లతో పెడితే తెట్టూ లేదు, గీతా లేదు, రంగు ఎర్రగా తేటగా వచ్చింది. నీళ్లలో ఉన్న కాల్షియం టీలో ఉన్న పదార్థాలతో కలిసి గాలి తగిలిన చోట అలా పొర కడుతుందట. రుచి కూడా చచ్చిపోతుంది, మొద్దుగా ఉంటుంది.

పాల టీలో ఇది పెద్దగా కంటపడదు, మీగడలో కలిసిపోతుంది. పాలు లేని టీలో దాక్కోవడానికి చోటేదీ? చెన్నైలో ఒక వీధికి మెట్రో వాటర్ కుళాయి, పక్క వీధికి బోరు, ఎండాకాలం వస్తే లారీ నీళ్లు. అందుకే ఒకరికి అమృతంలా ఉన్న పొడి ఇంకొకరికి వగరు. కోడలు గారి ఆకు టీ మా బోరు నీళ్లలో పెట్టి చూడండి, కిలోకి వేలు పోసి కొన్న ఆకు కూడా మొద్దుగానే వస్తుంది.

క్యాన్ అయిపోయిన రోజు నేను చేసే పని: నాలుగు చుక్కల నిమ్మరసం. తెట్టు విరుగుతుంది. రంగు కూడా చూస్తుండగానే లేతబడిపోతుంది, అది పులుపు వల్ల, టీ పలచబడి కాదు.

ఓఎంఆర్ నైట్ షిఫ్ట్

ఇది మాత్రం నిజం. మా పీజీలో టీ ఎందుకంత దరిద్రంగా ఉంటుందో ఇప్పుడర్థమైంది. నేను వంటమనిషిని అనుమానించా. కానీ అక్కా, ఆర్‌ఓ నీళ్లతో పెడితే మరీ చప్పగా అనిపిస్తుంది నాకు.

నెల్లూరమ్మాయి

మిషను లవణాలన్నీ లాగేస్తే అలాగే ఉంటుంది. సగం అది, సగం మెట్రో వాటర్ కలుపుకో.

మందుల షాపు అక్క

రుచి గొడవ మీరు తేల్చుకోండి. కౌంటరు దగ్గర రోజూ చెప్పేవి ఇక్కడా చెప్పి వెళ్తాను.

లేవగానే థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు చాలామంది ఉన్నారు మనలో. ఆ మాత్ర మంచినీళ్లతోనే. టీ, కాఫీ ఏదైనా కనీసం అరగంట, వీలైతే గంట ఆగాలి. "పాలు పోయలేదు కదా, ఏం కాదులే" అని బ్లాక్ టీతోనే మింగేవాళ్లని చూశాను.

రెండోది ఐరన్. మన హైదరాబాదు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో తిండికి గంట ముందు, గంట తర్వాత టీ కాఫీలు వద్దని ఉంది. టీలో ఉండే టానిన్లు తిండిలోని ఇనుమును పట్టేసుకుంటాయి, ఒంటికి పట్టనివ్వవు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. కాబట్టి ఆరింటికి టీ, ఎనిమిదింటికి ఇడ్లీ అయితే గొడవ లేదు. ఇడ్లీ నంజుకుంటూ టీ తాగే అలవాటే చెడ్డది. ఐరన్ మాత్ర టీతో అసలు వద్దు. పాలు పోస్తే టానిన్ పోతుంది కదా అని అడుగుతారు. పాలు వగరును తగ్గిస్తాయి గానీ, ఐరన్ విషయంలో దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు.

కెఫీన్ లెక్క కూడా ఆ మార్గదర్శకాల్లోనే ఉంది. 150 మి.లీ. టీలో 30 నుంచి 65 మి.గ్రా., అదే కొలత ఫిల్టర్ కాఫీలాంటి డికాషన్ కాఫీలో 80 నుంచి 120. రోజుకి 300 మి.గ్రా. దాటొద్దన్నారు. పెరంబూరు పెద్దాయన గారూ, మీరు రోజుకి ఎన్ని కప్పులో లెక్కేసుకోండి. ఇక ఖాళీ కడుపుతో మంట పుట్టేవాళ్లు ముందు గ్లాసుడు నీళ్లు తాగి, ఏ బిస్కెట్టో రస్కో నోట్లో వేసుకోండి. అయినా మంటే అంటే మానేయడమే, ఆకు టీ అయినా డస్టు అయినా.

సైదాపేట సైకిల్

ఇంట్లో ఎవరు పెట్టుకుంటారండీ ఇవన్నీ. పొద్దున్న అయిదింటికి మా వీధి చివర టీ మాస్టర్ కొత్త పొడి వేసి గుడ్డ సంచిలోంచి మొదటి డికాషన్ తీస్తాడు. "పాలు వద్దణ్ణా" అంటే గ్లాసులో వేలెడు డికాషన్ పోసి, పైన బాయిలర్ నీళ్లు నిండా పడతాడు. వట్టి డస్టే. అంత బాగా ఇంట్లో ఎప్పుడూ రాలేదు నాకు. అదే ఎనిమిదిన్నరకి వెళ్తే మాత్రం దండం. అదే సంచిలో పాత పొడి మీద కొత్త పొడి, దాని మీద మళ్లీ నీళ్లు, నాలిక దోక్కుపోతుంది. ఆ టైములో పాలు పోయించుకోవడమే మేలు.

కూనూరు కోడలు

చూశారా, వాసి గారూ? డస్టు బాగుండాలంటే అయిదింటికి లేవాలట!

పెరంబూరు పెద్దాయన

అమ్మా మందుల షాపు తల్లీ, నా కప్పుల జోలికి రావద్దు. కానీ ఒక సాయం కావాలి. మా ఆవిడకి పాలు పడటంలేదు, ఆవిన్ పాలు మార్చి చూశాం, అయినా అంతే. ఇదంతా చదివి వినిపిస్తే తనూ ఈ టీ తాగి చూస్తానంటోంది. ఏది కొనమంటారు? ఆకు టీ అంటే వడగట్టడం, చూసుకోవడం తనవల్ల కాదు. చేతులు వణుకుతాయి.

వేళచ్చేరి వాసి

బాబాయ్ గారూ, ప్యాకెట్లు రకరకాలు కొని ఇబ్బంది పడొద్దు. విడిగా టీ పొడి అమ్మే పెద్ద కొట్లో సీటీసీలోనే లావు గుళికలు అడగండి. బీఓపీ, బీపీ అంటారు. డస్టు రకాలు పీడీ, ఎస్ఆర్‌డీ అని ఉంటాయి, అవి పిన్నిగారికి వద్దు. లావు గుళిక నెమ్మదిగా దిగుతుంది, ఒక నిమిషం అటూ ఇటూ అయినా మరీ చేదెక్కదు, జల్లెడలో సుళువుగా ఆగుతుంది. వంద గ్రాములు చాలు మొదట.

విడి పొడి కాబట్టి ఇంటికి తెచ్చాక ఒక పరీక్ష చేయండి. కాఫీ ఫిల్టర్ కాగితం లాంటిది ఉంటే దాని మీద చిటికెడు పొడి చల్లి, నీళ్లు చిలకరించండి. కాసేపాగి పొడి దులిపేసి, కాగితాన్ని కుళాయి కింద కడిగి వెలుతురుకి పట్టి చూడండి. రంగు మరకలు ఉండిపోతే వేసిన రంగు అన్నమాట, పారేయండి. ఆహార భద్రతా సంస్థ చెప్పిన పరీక్షే ఇది. ఇంగువ డబ్బా పక్కన మాత్రం పెట్టకండి, టీ పొడి ఏ వాసననైనా పట్టేస్తుంది.

కూనూరు కోడలు

చివరికి డస్టు వద్దనే మీరూ చెప్పారు, గమనించారో లేదో. పెద్దాయన గారూ, మూతలో జల్లెడ ఉండే గ్లాసు కెటిల్ దొరుకుతుంది, వంచితే చాలు, పిన్నిగారికి వడగట్టే పనే ఉండదు. అందులో ఆకు వేసి ఇవ్వండి ఒకసారి.

వేళచ్చేరి వాసి

చేతులు వణికే మనిషికి గాజు కెటిలా! స్టీలు గిన్నె, స్టీలు జల్లెడ చాలు బాబాయ్.

ఓఎంఆర్ నైట్ షిఫ్ట్

ఒకటిన్నర చెంచా, రెండు నిమిషాలు చేసి చూశా. పర్లేదు. కానీ దాంట్లో కాస్త అల్లం దంచి వేస్తే ఒప్పుకుంటారా?

వేళచ్చేరి వాసి

ఒప్పుకోం.

కూనూరు కోడలు

ఈ ఒక్క విషయంలో నేనూ వాసి గారి వైపే. అల్లానికి వేరే చర్చ మొదలెట్టుకో తమ్ముడూ.