మామిడితోటలో పొద్దుటి ప్రసంగాలు: అనుభవం ఉన్నవాళ్లు కాస్త చెప్పండి

నమస్కారమండీ. మాది గుంటూరు. అమరావతి రోడ్డులో తాతగారి నాటి మండువా ఇల్లు, చుట్టూ మామిడితోట ఉన్నాయి. నెలకో ఆదివారం పొద్దున ఏడింటికి అక్కడ కళలు, పక్షులు, చెట్ల గురించి ఎవరిచేతైనా గంటసేపు చెప్పించాలని మా ఆవిడకీ నాకూ కోరిక.

పోయిన నెల ఒకటి చేసి చూశాం. ఉప్పలపాడు చెరువుకొచ్చే గూడబాతుల గురించి రిటైరైన మాస్టారొకాయన మాట్లాడారు. మండువాలో పడే వెలుతురుకి ప్రొజెక్టర్‌లో ఏమీ కనపడలేదు. ఆయన తెర వదిలేసి, కండువా గడ్డం కింద పట్టుకుని, ఆ పక్షి ముక్కు కింద సంచి ఎలా సాగుతుందో చూపించారు. వచ్చిన పద్నాలుగు మందికీ అదే నచ్చింది (ఇడ్లీల తర్వాత).

ఈసారి కొండపల్లి బొమ్మలు చేసేవారిని పిలుద్దామని. తెల్ల పొణికి కర్ర చెక్కుతూ, చింతగింజల పిండీ రంపపుపొట్టూ కలిపిన మక్కుతో చేతులు అతికిస్తూ మాట్లాడితే ప్రొజెక్టర్ గొడవే ఉండదు. పైగా ఆ కొండల్లో పొణికి చెట్లు తగ్గిపోతున్న సంగతీ వస్తుంది. కానీ ఆయనకి ఒకరోజు పని పోతుంది. ఎంత ఇస్తే మర్యాద? మనిషికి వంద టికెట్ పెడితే జనం రారేమో, హుండీ పెడితే బాగుంటుందా?

ఇంకోటి. అమరావతి శిల్పాలు చాలావరకు లండన్ బ్రిటిష్ మ్యూజియంలో, చెన్నై మ్యూజియంలో ఉన్నాయి కదా. వాటి గురించి పిల్లలకీ అర్థమయ్యే తెలుగులో చెప్పగలిగేవారు విజయవాడ వైపు ఎవరైనా ఉన్నారా?