ఎముక మీద గీత చూసి కోసింది మనిషా, కొరికింది జంతువా అని ఎలా చెప్తారు?

నల్లమల నాని:
నిన్న రాత్రి ఒక డాక్యుమెంటరీ చూశా. టాంజానియాలో ఓల్డువాయ్ లోయ, సుమారు 18 లక్షల ఏళ్ల నాటి ఎముక, దాని మీద వెంట్రుకంత గీత. అది రాతి పనిముట్టుతో మాంసం కోసిన గుర్తట. అన్నేళ్లు మట్టిలో పడున్న ఎముక మీద గీతలు పడటానికి కారణాలే కరువా? ఏనుగు తొక్కి ఉండొచ్చు, హైనా కొరికి ఉండొచ్చు, తవ్వేటప్పుడు గునపమే తగిలి ఉండొచ్చు. ఎవరైనా తెలిసినవాళ్లు చెప్పండి, లింకులు పెట్టి వదిలేయకండి ప్లీజ్.

రాళ్లూ రప్పలూ:
గునపం సంగతి తేలిక. కొత్త గీత లోపల రంగు తేడాగా ఉంటుంది, పాత గీత ఎముకతో పాటే రంగు మారిపోయి ఉంటుంది. మిగతా వాటికి మైక్రోస్కోప్ కావాలి. పెచ్చులు లేపిన రాయి అంచు నున్నగా ఉండదు కదా, అందుకే అది కోసిన గీత సన్నగా, లోతుగా ఉండి అడుగున ఇంకా సన్నని గీతలు పక్కపక్కనే కనిపిస్తాయి. పన్ను చేసిన గాడి వెడల్పుగా, అడుగున గుండ్రంగా ఉంటుంది. తొక్కితే ఇసుక రేణువులు గీరిన గీతలు పైపైన, ఏ దిక్కు పడితే ఆ దిక్కు పోతాయి. ఓల్డువాయ్ ఎముకలను ఇలా చూసి 1981లోనే ప్రచురించారు. అయితే గీత ఒక్కటే చూసి తీర్పు చెప్పరు, ఎముకలో ఎక్కడుందో కూడా చూస్తారు.

నల్లి బొక్క:
ఎక్కడుందో అనే మాట వంద శాతం కరెక్ట్ అన్నా. మా నాన్నది మటన్ షాపు, చిన్నప్పటి నుంచి చూస్తున్నా. కాలు విడదీయాలంటే కత్తి కీలు దగ్గరే పడుతుంది, నరాలు తెగాలి కాబట్టి. కండ తీసేటప్పుడైతే బొక్క నడిమికి తగుల్తది. కుక్కకు బొక్క వేస్తే మాత్రం ముందు కొసలు పట్టుకుంటది, అవి మెత్తగా, కొవ్వుతో ఉంటాయి కదా, నడిమి గట్టి భాగం చివరికి మిగుల్తది.

రాళ్లూ రప్పలూ:
తమ్ముడూ, నువ్వు చెప్పిన కుక్క సంగతే ఒక పెద్ద సిద్ధాంతాన్ని పడగొట్టింది తెలుసా! దక్షిణాఫ్రికాలో రేమండ్ డార్ట్ అని ఒక శాస్త్రవేత్త, మకపాన్స్‌గాట్ గుహ ఎముకల్లో జింకల ముంగాలి పై ఎముకకు కింది కొసలు బోలెడున్నాయి, భుజం వైపు కొసలు మాత్రం చాలా తక్కువున్నాయి అని గమనించాడు. మన పూర్వీకులు వాటిని గదల్లా వాడటానికి ఏరుకొచ్చారని, వాళ్లు కరుడుగట్టిన వేటగాళ్లని రాశాడు. తర్వాత సి.కె. బ్రెయిన్ అని ఇంకో శాస్త్రవేత్త నమీబియాలో కుయిసెబ్ నది పక్క ఊళ్లకు వెళ్లి, జనం తిని పారేసిన, కుక్కలు నమిలి వదిలేసిన మేక ఎముకలు ఏరి లెక్కపెట్టాడు. అదే తంతు! కింది కొస గట్టిది, మిగిలింది. భుజం వైపుది మెత్తన, కుక్కల కడుపులోకి పోయింది. గదా లేదు, గిదా లేదు. చెత్తకుప్ప ఎముకలు ఏరుకుంటున్న ఆయన్ని చూసి ఆ ఊరివాళ్లు ఏమనుకున్నారో మరి.

బేతంచెర్ల బుల్లోడు:
ముళ్లపందిని మరిచిపోయారు. అది కూడా ఎముకలు కొరుకుతుంది, వెడల్పు గాట్లు వరసగా ఉలితో చెక్కినట్టే పడతాయి. మా దగ్గర బిల్లసర్గం గుహలను 1880ల్లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త తవ్వించి, ఎముక పనిముట్లు దొరికాయని రాశాడు. ఇలాంటి చోట ప్రతి ముక్కనూ మనిషే చెక్కాడా అని అడగాల్సిందే అని నా అభిప్రాయం. అనుమానం మంచిదే నానీ.

నల్లమల నాని:
సరే, కోసిన గీత, పంటి గాటు రెండూ ఒకే ఎముక మీద ఉంటే? మనవాళ్లు వేటాడారా, సింహం వదిలేసింది తిన్నారా?

రాళ్లూ రప్పలూ:
అసలు గొడవంతా అక్కడే. ఒకదాని మీద ఒకటి పడితే ఏది ముందో కొన్నిసార్లు తెలుస్తుంది. ఓల్డువాయ్‌లో రెండు రకాలూ ఉన్నాయి, పంటి గాటు మీద కోసిన గీత, కోసిన గీత మీద పంటి గాటు. రాయితో మూలుగ కోసం పగలగొట్టిన దెబ్బలు వేరేగా ఉంటాయి. పరిశోధకుల్లో బ్లూమెన్‌షైన్ వర్గం చిరుతా సింహం తిన్నాక మిగిలింది ఏరుకున్నారంటుంది, డొమింగెజ్-రొడ్రిగో వర్గం కాదు, కండ ఉన్నప్పుడే మనవాళ్ల చేతికొచ్చింది అంటుంది. నాకు రెండోది కాస్త బలంగా అనిపిస్తుంది, ఎందుకంటే కండ దట్టంగా ఉండే ఎముకల నడుమ భాగం మీద కూడా కోసిన గీతలున్నాయి, సింహం అక్కడ ఏం మిగులుస్తుంది? ఇక ఇథియోపియాలో డికికా దగ్గర 34 లక్షల ఏళ్ల నాటి రెండు ఎముకల మీద కోసిన గీతలున్నాయని 2010లో ప్రకటిస్తే, తొక్కిడి అనీ మొసలి పళ్లు అనీ కొట్టుకున్నారు.

నల్లి బొక్క:
మనల్ని తిన్న గుర్తులు ఏమైనా ఉన్నాయా అన్నా?

రాళ్లూ రప్పలూ:
ఎందుకు లేవు. దక్షిణాఫ్రికాలోనే స్వార్ట్‌క్రాన్స్ గుహలో దొరికిన ఒక పిల్లాడి పుర్రె వెనక రెండు రంధ్రాలున్నాయి. మన నేరు పూర్వీకుడు కాదులే, దగ్గరి చుట్టం. బ్రెయిన్ ఒక చిరుతపులి కింది దవడ తెచ్చి కోరలు పెట్టి చూస్తే సరిగ్గా ఆ రంధ్రాల్లో కూర్చున్నాయి. 1924లో అక్కడే టాంగ్ అనే చోట పుర్రె బయటపడ్డ ఇంకో పూర్వకాలపు పిల్లాడినైతే గద్ద తన్నుకుపోయి ఉంటుందని అంటున్నారు, కళ్ల గుంటల్లో గోళ్ల, ముక్కు గుర్తులున్నాయట.

నల్లి బొక్క:
గద్దా?! రేపు షాపు ముందర తిరిగేదాన్ని వేరేగా చూస్తా ఇంక.