అప్‌డేట్: నాయన నాలుక కుడికే ఎందుకు తిరుగుతోందంటే

పక్షవాతం వచ్చినాక మా నాయన నాలుక చాపితే కుడివైపు తిరుగుతోంది, నీళ్లు తాగితే పొలమారుతోంది, బలం పోయింది ఏ పక్క అని మొన్న అడిగింటి. జవాబిచ్చిన అందరికీ నమస్కారం.

కర్నూలులో నరాల డాక్టరుకు చూపించినాం. బలం తగ్గింది కుడిపక్కే. నాలుకను ముందుకు తోసేది జీనియోగ్లాసస్ అనే కండరం. గడ్డం ఎముక లోపలి నుంచి విసనకర్ర మాదిరి విచ్చుకుని నాలుకలోకి పోతుంది. కుడికొకటి, ఎడమకొకటి. రెండూ సమంగా తోస్తేనే నాలుక నేరుగా వస్తుంది. కుడిది నీరసపడితే, ఎడమది తోసే తోపుకు నాలుక కుడికే వాలుతుంది. మెదడులో దెబ్బ ఎడమపక్క కాబట్టి కుడిచెయ్యి కూడా పడిపోయింది.

నాలుకకు మొత్తం 8 జతల కండరాలంట. 4 బయటినుంచి వచ్చి అటూ ఇటూ లాగుతాయి, 4 లోపలే ఉండి ఆకారం మారుస్తాయి. అంగిలితో కలిపేది ఒక్కటి తప్ప అన్నిటికీ మెదడు నుంచి నేరుగా వచ్చే 12వ కపాల నరమే దిక్కు.

కొనను పైకి మడిచేది లోపలి కండరాలే. ‘ళ’, ‘డ’ పలకాలంటే నాలుక కొన అట్ల మడవాల, అందుకే ‘ఆళ్లగడ్డ’ అనమంటే ‘ఆల్లగద్ద’ అంటున్నాడు, అని తనే నవ్వుతున్నాడు. స్పీచ్ థెరపిస్టు రోజూ అదే మాట పలికించమనింది.

మింగేటప్పుడు గడ్డం కిందికి వంచమన్నారు. పల్చటి నీళ్లు గొంతులోకి గబుక్కున జారిపోతాయి, నాలుక ఆపలేదు. చిక్కటి రాగి అంబలి నిదానంగా దిగుతోంది, దగ్గు తగ్గింది. ఉగ్గాని ఇప్పుడే వద్దన్నారు. బజ్జీ సంగతి అడిగే ధైర్యం నాకు లేదు.