1973 షెవర్లే 350: పెట్టెలో దొరికిన ఎమిషన్ పార్టులు ఏవి ఏమిటి, వేటిని ఉంచాలి?

పాతవీ8
నమస్కారమండీ. 1973 షెవర్లే, 350 వీ8, నాలుగు బ్యారెళ్ల కార్బ్యురేటర్, ఆటోమేటిక్. ఇంజన్ రీబిల్డ్ అయిపోయింది. ఎమిషన్ సామానంతా (పొగ కాలుష్యం తగ్గించే పార్టులు) ఎప్పుడో విప్పేసి ఒక పెట్టెలో పడేశారు, హోస్ పైపు ఒక్కటీ లేదు. పెట్టెలో ఉన్నవి ఇవి:

పుట్టగొడుగులాంటి రేకు తల, అడుగున మసి పట్టిన రంధ్రాలు ఉన్న వాల్వ్ ఒకటి. పుల్లీ ఉన్న అల్యూమినియం పంపు, పుల్లీ వెనక ప్లాస్టిక్ ఫ్యాన్. చిన్న మఫ్లర్ లాంటి ముక్క తగిలించిన ఇంకో వాల్వ్. తుప్పు పట్టిన రేకు వాల్వులు రెండు, ఒక్కోదానికి ఒకవైపు మర. ఇత్తడి మర, మూడు నిపుల్స్ (హోస్ తగిలించే సన్న గొట్టాలు) ఉన్న స్విచ్, దాని మీద డి, సి, ఎమ్‌టి అని అక్షరాలు. రెండు నిపుల్స్, ఒక వైరు సాకెట్ ఉన్న బుల్లి సొలినాయిడ్. నల్లటి ప్లాస్టిక్ డబ్బా ఒకటి.

వీటిలో ఏవి తిరిగి పెట్టాలి, ఏవి లేకపోయినా నడుస్తుంది?

వ్యాక్యూమ్‌గేజ్
వరుసగా చెబుతాను. పుట్టగొడుగు ఈజీఆర్ వాల్వ్, అంటే ఎగ్జాస్ట్ (కాలిన పొగ) కొంత తిరిగి ఇంజన్‌లోకి పంపేది. పంపు, మఫ్లర్ ఉన్న డైవర్టర్ వాల్వ్ (పంపు గాలిని బయటికి మళ్లించేది), తుప్పు పట్టిన రెండు చెక్ వాల్వులు (గాలిని ఒకవైపే పోనిచ్చేవి) కలిసి ఎయిర్ ఇంజెక్షన్ సిస్టమ్, అంటే ఎగ్జాస్ట్‌లోకి గాలి కొట్టేది. మూడు నిపుల్స్‌ది థర్మల్ వ్యాక్యూమ్ స్విచ్, వేడిని బట్టి వ్యాక్యూమ్ (ఇంజన్ పీల్పు) దారి మార్చేది. సొలినాయిడ్ బహుశా ట్రాన్స్‌మిషన్ కంట్రోల్డ్ స్పార్క్‌ది, అంటే కింది గేర్లలో డిస్ట్రిబ్యూటర్‌కి (ప్లగ్గులకి స్పార్క్ పంచేది) వ్యాక్యూమ్ అందకుండా ఆపేది. నల్ల డబ్బా చార్కోల్ కానిస్టర్, ట్యాంకు నుంచి వచ్చే పెట్రోలు ఆవిరిని పట్టి ఉంచే బొగ్గు డబ్బా.

పార్టు ఆకారం చూసి పేరు పెట్టుకుంటూ పోతే మోసపోతారు. వ్యాక్యూమ్, గాలి, పెట్రోలు ఆవిరి, ఎగ్జాస్ట్: ఈ నాలుగింటిలో దాని గుండా పోయేది ఏదో ముందు తేల్చుకోండి. మసి ఉంటే ఎగ్జాస్ట్. సన్న నిపుల్ అయితే వ్యాక్యూమ్. బొటనవేలంత లావు హోస్ పట్టేలా ఉంటే పంపు గాలి. పెట్రోలు వాసన కొడితే ఆవిరి.

కార్బ్యురేటర్ మీది నిపుల్స్‌ని గేజ్ పెట్టి గుర్తుపట్టాలి, కంటితో తేలదు. ఇంజన్ వేడెక్కాక ఐడిల్‌లో 16 నుంచి 20 అంగుళాలు (పాదరసం లెక్కలో) చూపిస్తే అది మానిఫోల్డ్ వ్యాక్యూమ్. ఐడిల్‌లో సున్నా ఉండి, థ్రాటిల్ కొంచెం తెరవగానే ముల్లు లేస్తే పోర్టెడ్ వ్యాక్యూమ్, దాని రంధ్రం థ్రాటిల్ ప్లేట్‌కి పైన ఉంటుంది. ఈజీఆర్‌కి పోర్టెడే ఇవ్వాలి. మానిఫోల్డ్ తగిలిస్తే ఐడిల్‌లోనే తెరుచుకుని ఇంజన్ కుంటుతుంది, ఆగిపోతుంది. చాలామంది దాన్ని కార్బ్యురేటర్ జబ్బు అనుకుని జెట్లు మార్చుకుంటూ కూర్చుంటారు.

ఆ మూడు అక్షరాల్లో డి అంటే డిస్ట్రిబ్యూటర్, సి అంటే కార్బ్యురేటర్ పోర్టు, ఎమ్‌టి అంటే మానిఫోల్డ్. మామూలు వేడిలో సి నుంచి డి కి దారి ఉంటుంది. కూలెంట్ బాగా కాగితే, సుమారు 104 డిగ్రీల సెంటీగ్రేడ్ దగ్గర, ఎమ్‌టి నుంచి డి కి దారి తెరుస్తుంది. అప్పుడు స్పార్క్ టైమింగ్ ముందుకు జరిగి, ఐడిల్ పెరిగి, నీళ్లు, ఫ్యాన్ వేగం పుంజుకుని ఇంజన్ చల్లబడుతుంది. ఈ హోసులు తారుమారైతే ట్రాఫిక్‌లో వేడెక్కిపోతుంది, కారణం మాత్రం ఎంతకీ దొరకదు.

స్మాగ్‌పంపు
పంపు సంగతి నేను చెబుతాను, ఎందుకంటే బాగున్న పంపుల్ని అనవసరంగా పారేసేది ఇక్కడే. చేత్తో తిప్పితే కీచుమంటుంది, కాస్త గరగరలాడుతుంది. లోపలివి కార్బన్ వేన్లు (గాలిని నెట్టే రెక్కలు), ఆ చప్పుడు మామూలే. చప్పుడు పోతుందని నూనె మాత్రం పోయకండి, వేన్లు పాడవుతాయి. వైస్‌లో పెట్టి బిగించడం, బెల్టు టైట్ చేయడానికి బాడీ మీద రాడ్డు పెట్టి ఎత్తడం కూడా వద్దు, అల్యూమినియం పగులుతుంది. పుల్లీ వెనక ఫ్యానే దాని ఫిల్టర్, దుమ్ముని విసిరికొడుతుంది. అది విరిగితే మార్చాలి, ముక్కలు లోపలికి పోనివ్వకూడదు.

చెక్ వాల్వ్‌ని నోటితో ఊదితేనే తెలిసిపోతుంది. పంపు వైపు నుంచి గాలి పోవాలి, మానిఫోల్డ్ వైపు నుంచి అస్సలు రాకూడదు. రెండువైపులా పోతే చెత్తబుట్టలోకి. దాని గుండా ఎగ్జాస్ట్ వెనక్కి తన్ని హోస్‌ని కాల్చేస్తుంది, డైవర్టర్‌ని, ఆఖరికి పంపునీ చంపుతుంది. హోస్ లోపలి అంచు పెళుసుబారి నల్లగా మాడి ఉంటే చెక్ వాల్వ్ ముందే పోయిందని అర్థం.

డైవర్టర్ పరీక్ష ఇంజన్ నడుస్తుండగా చెయ్యాలి. ఐడిల్‌లో మఫ్లర్ నుంచి గాలి రాకూడదు. వేగం పెంచి థ్రాటిల్ ఠక్కున వదిలితే కనీసం ఒక సెకను బుస్సుమని గాలి వదలాలి. వదలకపోతే ఆ గాలి ఎగ్జాస్ట్‌లో మిగిలిన పెట్రోలుతో కలిసి పేలుతుంది. స్పీడు తగ్గిస్తున్నప్పుడు ధన్ ధన్ అని బ్యాక్‌ఫైర్ వస్తే ముందు దీన్నే అనుమానించాలి.

పాతవీ8
చాలా థాంక్స్ అన్నా. చేతి వ్యాక్యూమ్ పంపుతో ఈజీఆర్‌కి 15 అంగుళాలు లాగాను, అస్సలు నిలవట్లేదు. డయాఫ్రమ్ (లోపలి పల్చటి పొర) చిరిగిందనేనా? సొలినాయిడ్‌కి 12 వోల్టులు ఇస్తే టిక్కుమంటోంది.

వ్యాక్యూమ్‌గేజ్
ఆగండి, పారేయకండి. వాల్వ్ తల మీద నంబర్ చివర పి అక్షరం ఉందేమో చూడండి. ఉంటే అది పాజిటివ్ బ్యాక్‌ప్రెషర్ రకం, మీ 1973 కన్నా తర్వాతి బండిది. దానిలో చిన్న బ్లీడ్ రంధ్రం తెరిచే ఉంటుంది, కింద ఎగ్జాస్ట్ ఒత్తిడి తగిలితేనే మూసుకుంటుంది. ఇంజన్ ఆగి ఉండగా వ్యాక్యూమ్ నిలవకపోవడమే దాని స్వభావం. ఎన్ అని ఉంటే నెగెటివ్ రకం, అది నిలబెట్టాలి. ఏ అక్షరమూ లేని పాత సాదా వాల్వ్ అయితే 15 అంగుళాలు 20 సెకన్లు కదలకుండా ఉండాలి, లేదంటే చిరిగినట్టే. పి వాల్వ్ బాగానే ఉన్నా మీ ఇంజన్‌కి పెట్టకండి, 1973 సాదా రకమే వెతకండి.

సొలినాయిడ్ టిక్కుమన్నంత మాత్రాన సరిపోదు. కరెంటు ఇచ్చినప్పుడు, తీసినప్పుడు ఒక నిపుల్‌లో ఊది దారి మారుతోందో లేదో చూడండి. ఏ స్థితిలో గాలి పోవాలన్నది సంవత్సరాన్ని బట్టి తిరగబడింది, కాబట్టి మీ ఏడాది సర్వీస్ మాన్యువల్ చూసే తేల్చుకోండి.

ఈజీఆర్ తీసేద్దామన్న ఆలోచన ఉంటే ఒక మాట. ఎగ్జాస్ట్ కలిస్తే మంట నెమ్మదిస్తుంది, సిలిండర్‌లో వేడి తగ్గుతుంది. అది ఉంటుందనే లెక్కతో టైమింగ్, మిశ్రమం సరిచేసి ఉంచారు. ప్లేటు పెట్టి మూసేసి, మిగతాది అలాగే వదిలేస్తే సగం థ్రాటిల్‌లో ఎక్కుడు దారిలో టకటకమని పింగింగ్ (మిశ్రమం అదుపు తప్పి మండే చప్పుడు) మొదలవుతుంది. కొత్త పిస్టన్ల మీద అది మంచిది కాదు.

శుభ్రం చేసేటప్పుడు సాల్వెంట్‌లో ముంచకండి, డయాఫ్రమ్ పోతుంది. సీటు మీది మసిని వైర్ బ్రష్‌తో గోకండి. ఇంటేక్ లోపలి దారిని డ్రిల్ బిట్ చేత్తో తిప్పుతూ తీయండి, రాలిన మసిని వ్యాక్యూమ్ క్లీనర్‌తో లాగేయండి.

చార్కోల్
కానిస్టర్ గురించి ఎవరూ చెప్పలేదు. దాన్ని తీసేసి ట్యాంకు వెంట్ లైన్‌కి బిరడా పెట్టేవాళ్లున్నారు, దయచేసి అది మాత్రం చేయొద్దు. ఈ బండి పెట్రోలు ట్యాంకు మూత సీల్డ్ రకం. పెట్రోలు తగ్గేకొద్దీ గాలి లోపలికి రాలేక పెట్రోలు పంపుకి ఇంధనం అందదు, ట్యాంకు రేకు లోపలికి కుంగిపోవచ్చు కూడా. అడుగున ఫిల్టర్ ఉంటే మార్చండి. డబ్బా ఊపితే నల్లపొడి రాలుతుంటే లోపలి జాలీ చిరిగింది. ఆ పొడి పర్జ్ లైన్ (ఆవిరిని ఇంజన్‌లోకి పంపే గొట్టం) గుండా ఇంటేక్‌లోకి పోతుంది.

పెట్టెలో లేనిది ఒకటుంది, పీసీవీ వాల్వ్, క్రాంక్‌కేస్ ఆవిరిని ఇంటేక్‌లోకి పంపేది. ఊపితే గలగలమనడం మంచిదే గానీ, కాలిబ్రేషన్ సరైనదో కాదో అది చెప్పదు. ఆకారం సరిపోయిందని ఏదో ఒకటి కొంటే ఐడిల్‌లో మిశ్రమం పల్చబడుతుంది. ఇంజన్ నంబర్‌కి తగ్గది కొనండి. రెండో వాల్వ్ కవర్ నుంచి ఎయిర్ క్లీనర్‌కి వెళ్లే గాలి గొట్టం కూడా కలపాలి.

పాతవీ8
తల మీద నంబర్ చివర పి ఉంది. సాదా రకం వెతుకుతాను. చెక్ వాల్వుల్లో ఒకటి రెండువైపులా పోతోంది. రెండూ కలిపి మార్చాలా?

స్మాగ్‌పంపు
రెండూ మార్చండి, ఒకే తుప్పు వాటిని తింది. విప్పేటప్పుడు ఇంజెక్షన్ ట్యూబుని రెండో స్పానర్‌తో పట్టుకోండి, లేకపోతే మర కదిలేలోపు ట్యూబే మెలితిరిగిపోతుంది. ముందురోజు రాత్రే పెనెట్రేటింగ్ ఆయిల్ పట్టించి ఉంచండి.