క్రైస్తవాన్ని వ్యాపింపజేసింది కాన్‌స్టాంటైనా, అంతకుముందు నుంచీ ఉన్న సంఘమా?

సత్యాన్వేషి:
నా వాదన సూటిగా చెప్పేస్తాను. రోము చక్రవర్తి చెయ్యి పడకపోయుంటే క్రైస్తవం మధ్యధరా తీరంలోని చిన్నాచితకా శాఖల్లో ఒకటిగా మిగిలిపోయేది. 312లో మిల్వియన్ వంతెన దగ్గర కాన్‌స్టాంటైన్ గెలిచాడు, 313లో మిలాన్‌లో దాన్ని అధికార మతం చేశాడు. మిగతాదంతా రాజు వెనక జనం నడవడమే. కాదంటారా?

శిలాక్షరం:
కాదంటాను. ముందు 313 సంగతి. ఆ ఏడాది మిలాన్‌లో కాన్‌స్టాంటైన్, తోటి చక్రవర్తి లిసీనియస్ ఒప్పుకున్నది ఎవరికి నచ్చిన దేవుణ్ణి వాళ్ళు కొలుచుకోవచ్చని, జప్తు చేసిన సంఘాల ఆస్తులు తిరిగి ఇవ్వాలని. అంతే. నిజానికి క్రైస్తవుల మీద హింస ఆపమన్న ఆజ్ఞ 311లోనే గలేరియస్ చక్రవర్తి ఇచ్చాడు. అధికార మతం అయింది 380లో, థియోడోసియస్ చక్రవర్తి థెస్సలొనీకలో వేయించిన శాసనంతో. మధ్యలో 67 ఏళ్ళు ఉన్నాయండీ.

ఇక అంతకుముందు లేదంటారా? 112 ప్రాంతంలో ఆసియా మైనరులోని బితూనియ గవర్నరు ప్లినీ ట్రాజన్ చక్రవర్తికి రాసిన ఉత్తరం చూడండి. ఇది పట్టణాలకే కాదు, పల్లెలకూ పాకిందని, గుళ్ళు దాదాపు పాడుబడ్డాయని మొరపెట్టుకున్నాడు. 251లో రోము బిషప్ కొర్నేలియుస్ ఒక ఉత్తరంలో తన సంఘం లెక్క ఇచ్చాడు: 46 మంది పెద్దలు, ఏడుగురు పరిచారకులు, 52 మంది భూతవైద్యులు, పాఠకులు, ద్వారపాలకులు, సంఘం తిండి పెట్టి పోషించే విధవరాండ్రు, అక్కరలో ఉన్నవాళ్ళు కలిపి 1500 పైమాటే. ఒక్క నగరంలో, రాజు సాయం పైసా లేకుండా.

బాటసారి:
బిషప్పులు కూడిన నైసియా సభలో బైబిలు పుస్తకాలు ఓటేసి ఎంచారు కదా, అది రాజకీయం కాదా?

శిలాక్షరం:
అదీ పుకారే. 325లో నైసియాలో తేల్చింది అరియస్ వాదం. కుమారుడు సృష్టింపబడ్డాడని అరియస్ అనే సంఘ పెద్ద అన్నాడు, తండ్రితో సమానుడని సభ తేల్చి నైసియా ప్రమాణం అనే విశ్వాస ప్రకటన చేసింది. దాంతోపాటు ఈస్టరు తేదీ, సంఘ క్రమశిక్షణ మీద 20 నియమాలు. పుస్తకాల పట్టిక అక్కడ చర్చకే రాలేదు. ఇప్పుడున్న 27 పుస్తకాలు సరిగ్గా అవే కనిపించే తొలి పట్టిక అలెగ్జాండ్రియా బిషప్ అతనాసియస్ 367లో రాసిన పండుగ ఉత్తరంలో ఉంది.

సత్యాన్వేషి:
313 కాకపోతే 380. తేదీ పట్టుకుని వేలాడకండి. 300 నాటికి సామ్రాజ్యంలో క్రైస్తవులు పదోవంతు మించరని చాలామంది చరిత్రకారుల అంచనా. 400 నాటికి ఎంతయ్యారు? మధ్యలో జరిగిందేమిటంటే, కాన్‌స్టాంటైన్ సంఘ పెద్దలకు పౌర విధుల నుంచి మినహాయింపు ఇచ్చాడు, 321లో సంఘానికి వీలునామా రాసే హక్కు ఇచ్చాడు, పెద్ద పెద్ద దేవాలయాలు కట్టించాడు. లాభం ఉన్నచోటికి జనం వెళ్ళారు.

ఆలివ్‌కొమ్మ:
రోము దాటి చూడరేం? పారసీకంలో రోము చక్రవర్తి క్రైస్తవుడు కావడం క్రైస్తవులకు శాపమైంది. శత్రువు మతస్తులని పారసీక రాజు రెండవ షాపూర్ వాళ్ళ మీద రెట్టింపు పన్ను వేశాడు, 340 తర్వాత చంపించాడు కూడా. అయినా ఆ తూర్పు సంఘం బతికి, 635లో చైనా రాజధాని చాంగాన్ దాకా వెళ్ళింది. అక్కడ 781లో నిలబెట్టిన శిలాఫలకం ఇప్పటికీ ఉంది.

సత్యాన్వేషి:
అర్మేనియాలో తిరిదాత్ రాజు, ఇథియోపియా ప్రాంతపు అక్సుంలో ఎజానా రాజు. ఎజానా నాణేల మీద నెలవంక పోయి సిలువ వచ్చింది. అక్కడా రాజే!

శిలాక్షరం:
పారసీకం గురించి అడిగితే అక్సుం గురించి చెబుతారా?

సత్యాన్వేషి:
మీరేమో విధవల లెక్క చూపించి 782 దాచేస్తున్నారు! ఫ్రాంకుల రాజు షార్లమేన్ జర్మనీలోని వెర్డెన్‌లో 4500 మంది సాక్సన్లను నరికించాడని రాజ్య వృత్తాంతాల్లోనే ఉంది. బాప్తిస్మం వద్దన్నవాడికి మరణశిక్ష అని చట్టమూ చేశాడు. నాకు సంఖ్యల మీద పేచీ లేదు. ప్రేమతో వ్యాపించిందని మాత్రమే చెప్పుకుని, కత్తితో వ్యాపించిన భాగాన్ని అధ్యాయం చివర ఒక వాక్యంగా కుదించే పద్ధతి మీదే నా కోపమంతా.

శిలాక్షరం:
ఇది మొదటే అనుంటే ఇంతదాకా వచ్చేది కాదు. వెర్డెన్‌ను నేను సమర్థించను. షార్లమేన్ కొలువులోని పండితుడు ఆల్క్విన్ కూడా విశ్వాసాన్ని బలవంతంగా పుట్టించలేమనే రాశాడు. కానీ మీరు రెండు వేర్వేరు విషయాలు కలిపేస్తున్నారు. జనం ఎలా చేరారన్నది ఒకటి, దేన్ని నమ్మారన్నది ఇంకొకటి. క్రీస్తు మన పాపాల నిమిత్తం చనిపోయాడు, సమాధి చేయబడ్డాడు, మూడవ దినాన లేచాడు అన్న మాట కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో, 55 ప్రాంతంలోనే, పౌలు తనకు అప్పగించబడినదిగా చెబుతాడు. ఏ రాజూ దాన్ని రాయించలేదు.

చేరిక కూడా తేలిక కాదు. మూడేళ్ళు బోధ విన్నాకే బాప్తిస్మం అనే నియమం పాత క్రమ గ్రంథాల్లో ఉంది. సిరియాలోని దూరా యూరోపస్‌లో 256కు ముందే ఒక ఇంటిని సంఘంగా మార్చారు. రెండు గదుల మధ్య గోడ కొట్టి సభాస్థలం చేశారు, ఇంకో గదిలో పడమటి గోడకు ఆనించి బాప్తిస్మపు తొట్టి కట్టి పైన మంచి కాపరి బొమ్మ వేశారు. సభాస్థలంలో పట్టేది మహా అయితే 70 మంది. వ్యాపించిన తీరు అది. రాజు కట్టించిన బాసిలికాలు, అంటే పెద్ద గుళ్ళు, తర్వాత వచ్చాయి.

సత్యాన్వేషి:
నమ్మకం ముందే ఉందనుకుందాం. ఏ రూపం నిలవాలో తేల్చింది ఎవరు? నైసియా తర్వాత అరియస్‌ను వెళ్ళగొట్టింది చక్రవర్తే.

శిలాక్షరం:
ఆ చక్రవర్తే తర్వాత అతన్ని వెనక్కి పిలిచాడు. 337లో మరణశయ్య మీద కాన్‌స్టాంటైన్‌కు బాప్తిస్మం ఇచ్చింది అరియస్ పక్షపు బిషప్, నికోమేదియా యూసేబియస్. కొడుకు రెండవ కాన్‌స్టాంటియస్ నైసియా వాదులను తరిమాడు. నైసియా పక్షపు అతనాసియస్ ఐదుసార్లు ప్రవాసం పోయాడు. అధికారమే తేల్చేదైతే నైసియా ప్రమాణం ఎప్పుడో సమాధి అయ్యేది.

ఆలివ్‌కొమ్మ:
గోత్ అనే జర్మానిక్ తెగకు బైబిలు ఇచ్చిన ఉల్ఫిలాస్‌ది కూడా అరియస్‌కు దగ్గరి పక్షమే. స్పెయిన్‌లో ఆ తెగలోని శాఖ విసిగోతులు 589 తోలెదో సభ దాకా ఆ మార్గంలోనే ఉన్నారు.

సత్యాన్వేషి:
అక్కడా మార్చింది రెకారెద్ రాజే. ఇక 380 నవంబరులో కాన్‌స్టాంటినోపుల్ అరియన్ బిషప్ దెమోఫిలస్‌ను నైసియా ఒప్పుకో, లేదా గుడి వదిలిపో అన్నది థియోడోసియస్. దెమోఫిలస్ వదిలిపోయాడు. అతనాసియస్ పట్టుదలను తక్కువ చేయను, కానీ ఆ రోజు తలుపులు తెరిచింది ఆయన పట్టుదలా, సైనికులా?

శిలాక్షరం:
తలుపులు సైనికులే తెరిచారు. నైసియా ప్రమాణాన్ని అంతవరకు 55 ఏళ్ళు చేతులు మారకుండా కాపాడినవాళ్ళు సైనికులు కారు. మీరు మొదటిది రాయండి, నేను రెండోది రాస్తాను. ఒకదాన్ని చూపించి రెండోది లేదనడాన్ని మాత్రం ఒప్పుకోను.