పత్రికల తెలుగు నిజంగా దిగజారిందా? తేల్చేదెలా?

విద్యార్థి: పాత పత్రికల తెలుగు బాగుండేదనీ, ఇప్పుడు పాడైందనీ అందరూ అంటుంటారు. జర్నలిజం ప్రాజెక్టులో దీన్ని లెక్కతో తేల్చాలంటే ఏమేం పోల్చాలండీ?

డెస్క్‌మనిషి: ఒకే జాతి రాతల్ని పోల్చాలి. పేరున్న సంపాదకుడు నార్ల రాసిన సంపాదకీయం పక్కన నేటి జిల్లా పేజీ క్రైమ్ వార్త పెడితే అది పోలిక కాదు. ఆ రోజుల్లోనూ నాసిరకం వార్తలు బోలెడు, వాటినెవరూ దాచుకోలేదు, అంతే. పత్రిక ఒకటే ఉండాలి, వార్తా ఒకే రకంది కావాలి: తుఫాను, బడ్జెట్, అసెంబ్లీ. 1960, 1980, 2000, 2020 నుంచి పాతికేసి వార్తలు, ఒక్కోదాంట్లో మొదటి ఐదు వాక్యాలు చాలు. ప్రతి వాక్యంలో ఎన్ని పదాలున్నాయి, పని చేసిందెవరో తెలుస్తోందా, "చేయబడింది"లోని "బడింది", "జరిగింది" ఊరికే వచ్చి పడ్డాయా చూడండి. "ప్రమాదం జరిగింది" నికార్సైన తెలుగు. "చర్యలు తీసుకోవడం జరిగింది" అన్నదే లెక్కలోకి రావాలి. కంప్యూటర్లో వెతికితే రెండూ కలిసిపోతాయి. ప్రెస్ అకాడమీ స్కాన్ చేసిన పాత సంచికలు దొరికితే చూడండి. స్కాన్‌లోని అక్షరాల్ని చదివిపెట్టే ఓసీఆర్‌ని మాత్రం నమ్మకండి, అరసున్న, బండి ర, మాసిన ఒత్తుల దగ్గర బోల్తా కొడుతుంది.

పాతసంచిక: 1960 నుంచి మొదలెడితే అసలు మలుపే తప్పిపోతుంది. తాపీ ధర్మారావు "జనవాణి" పత్రికలో వాడుక భాషకు చోటిచ్చారు. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు 1940లో పోయేనాటికీ గ్రాంథికం పట్టు పూర్తిగా సడల్లేదు. తర్వాత వాక్యం జనానికి దగ్గరైంది, 1974లో విశాఖలో పుట్టిన ఈనాడు దాన్ని ఇంకా చిన్నది చేసింది. కాబట్టి గ్రాఫ్‌లో గీత నేరుగా కిందికి దిగదు. ఇంకోటి, ఆ వాక్యాలకు మార్కులు ఇద్దరు విడివిడిగా వెయ్యాలి. ఏడాది, పత్రిక పేరు వాళ్లకు తెలియకూడదు. పాత రాతను నేటి వర్ణక్రమంలో తిరగరాసి ఇవ్వండి, లేకపోతే ఒక్క అరసున్న చూసి ఏ కాలందో పట్టేస్తారు.

శ్రోత: టీవీ లైవ్‌ని వీటిలో కలపకండి. ఆకాశవాణి వార్తలు రాసుకుని చదివేవి, లైవ్ రిపోర్టర్ చేతిలో కాగితమే ఉండదు. "వర్షం అయితే పడుతోంది, అధికారులు చర్యలు అయితే తీసుకోవడం జరుగుతోంది." ఏం చర్యలు? పడవలు పంపారా, కరెంటు ఆపారా, జనాన్ని బడికి చేర్చారా? ఒక్కటీ తెలీదు. తర్వాతి మాట దొరికేదాకా ఆ "అయితే" ఖాళీని పూడుస్తుంది. వ్యాకరణ పాఠాలతో అది పోదు. కెమెరా ముందుకొచ్చే ముందు ఎక్కడ, ఎవరు, ఏం చేస్తున్నారు అని చీటీ మీద మూడు ముక్కలు రాసుకుంటే చాలావరకు పోతుంది.