కరోనా టీకా రెండో డోసు గడువు మార్చితే జనం నమ్మలేదు. తప్పు జనానిదా, చెప్పినోళ్లదా?

హనుమకొండవాసి:
2021 ఏప్రిల్ రెండో వారంల అమ్మకు కోవిషీల్డ్ మొదటి డోసు వేయించిన. ఆరు వారాల తర్వాత రమ్మని చీటీ మీద తేదీ రాసిచ్చిండ్రు. అమ్మ ఆ చీటీని దేవుని పటం వెనుక దాచుకుంది. ఆ తేదీకి పోయేసరికి లాక్‌డౌన్, పొద్దున 10 దాటితే రోడ్డు మీదికి రానియ్యరు. ఉరుకులాట మీద ఆటోల తీస్కపోతే "84 రోజులు నిండాలె" అని మర్లగొట్టిండ్రు. మే 13న కేంద్రం గడువును 12–16 వారాలకు పెంచిందట. ఇంటికొచ్చినంక అమ్మ ఒక్కటే అన్నది: "మందు అయిపోయిందని చెప్తే అయిపోవు గదా, ఇన్ని మాటలెందుకు?" మా వాడకట్టు మొత్తం ఇదే అనుకున్నరు. దీన్ని అజ్ఞానమంటే నేనొప్పుకోను.

కాజీపేట మాస్టారు:
తమ్మీ, అమ్మ బాధ నిజమే. కానీ గడువు పెంచుడు ఉత్త సాకు కాదు. రెండు డోసుల నడుమ ఎడం ఎక్కువుంటే రక్షణ పెరుగుతదని ట్రయల్స్‌లో కనబడ్డది. బ్రిటన్ అప్పటికే 12 వారాల ఎడంతోని వేస్తున్నది. కొత్త సంగతి తెలిస్తే పద్ధతి మార్చుకోవాలె గదా! వాట్సాప్‌ల వచ్చిందల్లా నమ్మి, డాక్టర్ చెప్తే నమ్మకపోతే ఎట్ల?

హనుమకొండవాసి:
సార్, అదే బ్రిటన్ మే 14న, అంటే సరిగ్గా మన ప్రకటన తెల్లారే, డెల్టా అనే కొత్త రకం కరోనా భయంతోని 50 దాటినోళ్లకు గడువును 12 నుంచి 8 వారాలకు తగ్గించింది. వాళ్లు తగ్గిస్తే మనం పెంచినం. ఎందుకో మా ఇంటికొచ్చి చెప్పినోళ్లెవరు? నిర్ణయం తప్పని నేననను. కారణం చెప్పకుండ ఉత్త తేదీ మార్చుడే తప్పంటున్న.

పరకాల దిక్కు ఆశా:
అన్నా, నాకు గూడ టీవీల చూస్తేనే తెలిసింది. "మొన్న ఆరు వారాలని నువ్వే అంటివి గద బిడ్డా" అని ఒక ముసలవ్వ నా చెయ్యి పట్టుకొని అడిగితే నోట మాట రాలే. పోలియో చుక్కలప్పుడు ఇట్ల కాలేదు. ఎందుకేస్తున్నమో, మళ్ల మళ్ల ఎందుకెయ్యాల్నో మాకు ముందే కూసోబెట్టి చెప్పేది, మేము ఇల్లిల్లు తిరిగి చెప్పేది. 2014ల దేశం పోలియో లేనిదైంది. కరోనప్పుడు ఆ ఒక్క పూట మీటింగన్న పెట్టకపాయె.

హనుమకొండవాసి:
అక్కా, నేను మొత్తుకునేది గిదే. అమ్మకు జూలైల రెండో డోసు పడ్డది. ఆమెతోని ఆ రోజు ఆటోల వచ్చి, వెయ్యించుకోకుండనే మర్లిన పక్కింటి పెద్దమ్మ మాత్రం మళ్ల పోనేలేదు.